షోర్స్ ఆఫ్ సైలెన్స్: ఒక చేపకు చట్ట రక్షణ తెచ్చిన చిత్రం

‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ వన్యప్రాణి చిత్రాల దర్శకుడు మైక్ పాండే 2000లో రూపొందించిన డాక్యుమెంటరీ. గుజరాత్‌లోని సౌరాష్ట్ర తీరంలో జరుగుతున్న తిమింగల సొరచేపల వేటను ఇది దేశం దృష్టికి తెచ్చింది.

వేల్ షార్క్ అని పిలిచే ఈ జీవి పేరులో తిమింగలం ఉన్నా, ఇది చేపే. చేపలన్నింటిలోకీ పెద్దది. నీటిలో తేలే ప్లవకాలు, చిన్న చేపలు దీని ఆహారం. మనుషుల జోలికి రాదు. దీని కాలేయం నుంచి తీసిన నూనెను పడవల చెక్కకు పూయడం మత్స్యకారులకు పాత అలవాటు. 1990లలో మాంసానికి, రెక్కలకు విదేశాల్లో గిరాకీ పెరగడంతో వేట పెద్ద వ్యాపారమైంది.

ఈ చిత్రానికి ‘గ్రీన్ ఆస్కార్’గా పేరున్న వైల్డ్‌స్క్రీన్ పాండా అవార్డు లభించింది. 2001లో కేంద్ర ప్రభుత్వం ఈ సొరను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చింది. ఆ చట్టం కింద రక్షణ పొందిన తొలి చేప ఇదే.

అయితే, వలలో చిక్కిన సొరను వదలాలంటే వల కోయాలి. ఆ నష్టం మత్స్యకారుడిదే. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా చేపట్టిన ప్రచారంలో రామకథా ప్రవచనకర్త మొరారి బాపు ఈ చేపను పుట్టింటికి పురుటికొచ్చిన ఆడబిడ్డతో పోల్చారు. తర్వాత గుజరాత్ అటవీ శాఖ కోసిన వలలకు పరిహారం ఇవ్వసాగింది. అలా వందలాది సొరలను మత్స్యకారులే తిరిగి సముద్రంలోకి వదిలారు.