నాలుగు గోల్స్ కొట్టడం ఒకటే సరిపోదు: బెర్నబ్యూలో నేటి రాత్రి రియల్ మాడ్రిడ్, ఆర్సెనల్ మలి పోరు

యూరోపియన్ ఛాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ టోర్నీలో డిఫెండింగ్ ఛాంపియన్ రియల్ మాడ్రిడ్ భవితవ్యం నేటి రాత్రి తేలనున్నది. 2025 ఏప్రిల్ 16 బుధవారం మాడ్రిడ్ నగరంలోని శాంటియాగో బెర్నబ్యూ స్టేడియంలో జరిగే క్వార్టర్ ఫైనల్ రెండో అంచె పోరులో ఆ జట్టు ఇంగ్లాండ్ క్లబ్ ఆర్సెనల్‌తో తలపడుతుంది. ఈ నెల 8న లండన్‌లో జరిగిన తొలి అంచెలో ఆర్సెనల్ 3-0 తేడాతో ఘన విజయం సాధించిన సంగతి విదితమే. భారత కాలమానం ప్రకారం అర్ధరాత్రి దాటిన తర్వాత 12.30 గంటలకు, అంటే గురువారం తొలి ఘడియలలో, మ్యాచ్ ప్రారంభమవుతుంది.

రెండంచెల నాకౌట్ పద్ధతిలో రెండు మ్యాచ్‌లలో కలిపి ఎక్కువ గోల్స్ సాధించిన జట్టే ముందడుగు వేస్తుంది. ఆ లెక్కన రియల్ మాడ్రిడ్ మూడు గోల్స్ తేడాతో గెలిస్తే ఇరు జట్లూ సమమవుతాయి. అప్పుడు 30 నిమిషాల అదనపు సమయం, అవసరమైతే పెనాల్టీ షూటౌట్ ఉంటాయి. నిర్ణీత 90 నిమిషాలలోనే సెమీ ఫైనల్ చేరాలంటే నాలుగు గోల్స్ తేడా కావాలి. గతంలో ఈ లెక్క ఇంకొంత కఠినంగా ఉండేది. మొత్తం గోల్స్ సమమైనపుడు ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ గోల్స్ చేసిన జట్టును విజేతగా ప్రకటించే 'అవే గోల్స్' నిబంధనను యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య 2021లో రద్దు చేసింది. ఆ నిబంధన నేటికీ అమలులో ఉండి ఉంటే, ఆర్సెనల్ బెర్నబ్యూలో ఒక్క గోల్ చేసినా రియల్ మాడ్రిడ్‌కు ఐదు గోల్స్ తప్పనిసరి అయ్యేవి. ఇప్పుడు 4-1తో గెలిచినా అదనపు సమయం దక్కుతుంది. ఊరట చిన్నదే అయినా, మూడు గోల్స్ వెనుకబడిన జట్టుకు అది చేదు కాదు.

లండన్‌లో జరిగినదేమిటి?

తొలి అంచెలో విరామ సమయానికి ఇరు జట్లూ ఖాతా తెరవలేదు. 58వ నిమిషంలో ఆర్సెనల్ మిడ్‌ఫీల్డర్ డెక్లాన్ రైస్ దూరం నుంచి కొట్టిన ఫ్రీకిక్, రక్షణ గోడగా నిలిచిన ఆటగాళ్ల పక్కగా వంపు తిరిగి గోల్‌లోకి దూసుకుపోయింది. పన్నెండు నిమిషాల తర్వాత లభించిన మరో ఫ్రీకిక్‌ను అతడు గోల్ పై మూలకు పంపాడు. అంతవరకు తన వృత్తి జీవితంలో రైస్ నేరుగా ఫ్రీకిక్ ద్వారా ఒక్క గోల్ కూడా చేసి ఉండలేదు. ఛాంపియన్స్ లీగ్ నాకౌట్ మ్యాచ్‌లో ఒకే ఆటగాడు రెండు ఫ్రీకిక్ గోల్స్ సాధించడం అదే ప్రథమం. 75వ నిమిషంలో యువ డిఫెండర్ మైల్స్ లూయిస్-స్కెల్లీ అందించిన బంతిని మికెల్ మెరినో తొలి స్పర్శలోనే గోల్‌గా మలిచాడు. చివరి క్షణాలలో బంతిని దూరంగా తన్నినందుకు రెండో పసుపు కార్డు అందుకున్న రియల్ మిడ్‌ఫీల్డర్ కమావింగా మైదానం వీడాడు. ఫలితంగా నేటి మ్యాచ్‌కు అతడు దూరమయ్యాడు.

ఆ రాత్రి గురించి మాట్లాడుకున్న వారందరూ రైస్ ఫ్రీకిక్‌లనే ప్రస్తావించారు. అది సహజమే. అయితే గోల్‌కీపర్ తిబో కుర్తువా అడ్డుకోకపోతే రియల్ మాడ్రిడ్ ఇంకా పెద్ద తేడాతో ఓడిపోయేదన్న విషయం కూడా మరువరాదు.

అసలు చిక్కు ఎక్కడ?

బెర్నబ్యూలో రియల్ మాడ్రిడ్ నాలుగు గోల్స్ కొట్టగలదా అన్న ప్రశ్నకు సమాధానం కష్టం కాదు. గత అక్టోబరులో ఇదే మైదానంలో బొరుషియా డార్ట్‌మండ్‌తో జరిగిన లీగ్ దశ మ్యాచ్‌లో ఆ జట్టు విరామానికి 0-2తో వెనుకబడి, రెండో అర్ధభాగంలోనే ఐదు గోల్స్ సాధించింది. వినిసియస్ జూనియర్ హ్యాట్రిక్ నమోదు చేశాడు. సాల్జ్‌బర్గ్‌పై కూడా ఐదు గోల్స్ వచ్చాయి. ఫిబ్రవరిలో మాంచెస్టర్ సిటీపై కిలియన్ ఎంబాపె ఒక్కడే మూడు గోల్స్ చేశాడు. కనుక గోల్స్ కరవు ఆ జట్టు సమస్య కాదు.

సమస్య మైదానం రెండో వైపున ఉన్నది. ఈ సీజన్ ఛాంపియన్స్ లీగ్‌లో రియల్ మాడ్రిడ్ సొంతగడ్డపై ఆరు మ్యాచ్‌లు ఆడింది. ఆ ఆరింటిలోనూ ప్రత్యర్థికి కనీసం ఒక గోల్ సమర్పించుకున్నది. స్టట్‌గార్ట్ ఒకటి, డార్ట్‌మండ్ రెండు, ఏసీ మిలాన్ మూడు, సాల్జ్‌బర్గ్, మాంచెస్టర్ సిటీ, అట్లెటికో మాడ్రిడ్ ఒక్కొక్కటి చేశాయి. ఈ నెల 1న స్పెయిన్ రాజు కప్ సెమీ ఫైనల్ రెండో అంచెలో రియల్ సొసైడాడ్ ఇదే స్టేడియంలో ఏకంగా నాలుగు గోల్స్ సాధించింది. ఆ మ్యాచ్ 4-4తో ముగియగా, తొలి అంచెలో చేసిన ఒక్క గోల్ ఆధిక్యంతో రియల్ మాడ్రిడ్ గట్టెక్కింది. నేటి రాత్రి ఈ అలవాటు కొనసాగి ఆర్సెనల్ ఒక్క గోల్ చేసినా, నిర్ణీత సమయంలో గెలవడానికి కావలసిన గోల్స్ ఐదుకు చేరుతాయి. కుర్తువా ముందున్న రక్షణ శ్రేణి ఎంతసేపు చెక్కుచెదరక నిలుస్తుందన్నదే కీలకం.

ఆ శ్రేణి గాయాలతో కుదేలైంది. మోకాలి గాయాలతో డానీ కర్వహాల్, ఎడర్ మిలిటావో సీజన్‌కే దూరమయ్యారు. ఎడమ వైపు ఆడే ఫెర్లాండ్ మెండీ కూడా గాయపడ్డాడు. తొలి అంచెలో మిడ్‌ఫీల్డర్ ఫెడెరికో వాల్వెర్డె కుడి వైపు డిఫెండర్‌గా ఆడవలసి వచ్చింది. కార్డుల కారణంగా ఆ మ్యాచ్‌కు దూరమైన ఒరేలియన్ చువామెనీ తిరిగి వస్తుండడం కోచ్ కార్లో అన్సెలోటికి ఉపశమనం. ఆదివారం స్పెయిన్ లీగ్‌లో అలవెస్‌పై 1-0తో నెగ్గిన మ్యాచ్‌లో ఎంబాపె రెడ్‌కార్డు చూశాడు. ఆ నిషేధం దేశవాళీ పోటీలకే పరిమితం కనుక నేడు అతడు ఆడతాడు.

పునరాగమనాల మైదానం

వెనుకబడిన జట్టు తిరిగి పుంజుకుని పైచేయి సాధించడాన్ని స్పానిష్ భాషలో 'రెమొంటాడా' అంటారు. వారం రోజులుగా మాడ్రిడ్‌లో వినిపిస్తున్న మాట ఇదే. ఈ నమ్మకం ఊరికే పుట్టినది కాదు. 1984 డిసెంబరులో యూఈఎఫ్‌ఏ కప్‌లో బెల్జియం జట్టు ఆండర్లెక్ట్ చేతిలో తొలి అంచెను 0-3తో కోల్పోయిన రియల్ మాడ్రిడ్, బెర్నబ్యూలో 6-1తో గెలిచింది. యువకుడైన ఎమిలియో బుట్రగ్వెనో ఆ రాత్రి హ్యాట్రిక్ చేశాడు. సరిగ్గా ఏడాది తర్వాత జర్మనీ జట్టు బొరుషియా మొంచెన్‌గ్లాడ్‌బాక్ 5-1తో గెలిచి మాడ్రిడ్‌కు వచ్చింది. అక్కడ 0-4తో ఓడి, నాటి అవే గోల్స్ నిబంధన ప్రకారం ఇంటిదారి పట్టింది. ఆ రెండు సీజన్లలోనూ కప్ రియల్ మాడ్రిడ్‌నే వరించింది.

ఆ తరం ఆటగాళ్లలో జువానీటోను అభిమానులు నేటికీ మరువలేదు. ఓటమి అనంతరం ఇటలీ జట్టు ఇంటర్ మిలాన్ ఆటగాళ్లతో, బెర్నబ్యూలో తొంభై నిమిషాలు చాలా సుదీర్ఘమైనవని ఆయన వచ్చీరాని ఇటాలియన్‌లో హెచ్చరించినట్లు ప్రతీతి. 1992లో రోడ్డు ప్రమాదంలో ఆయన మరణించారు. ఆయన ధరించిన చొక్కా సంఖ్యకు గుర్తుగా ప్రతి మ్యాచ్‌లో ఏడో నిమిషాన ప్రేక్షకులు ఆయన పేరు జపిస్తారు. నేడు ఆ ఏడో నిమిషం మరింత బిగ్గరగా వినిపించవచ్చు.

ఇటీవలి ఉదాహరణలూ ఉన్నాయి. 2022 సెమీ ఫైనల్‌లో మాంచెస్టర్ సిటీ చేతిలో తొలి అంచెను 3-4తో కోల్పోయిన రియల్, రెండో అంచెలో 90వ నిమిషం వరకు మరో గోల్ కూడా వెనుకబడి ఉన్నది. అప్పుడు రోడ్రిగో వరుసగా రెండు గోల్స్ చేయగా, అదనపు సమయంలో కరీమ్ బెంజెమా పెనాల్టీతో పని పూర్తి చేశాడు. నిరుడు బయర్న్ మ్యూనిక్‌పై హొసెలూ చివరి నిమిషాలలో చేసిన రెండు గోల్స్ ఆ జట్టును ఫైనల్‌కు చేర్చాయి.

అయితే ఈ కథలను లెక్కతో సరిచూస్తే తేడా కనిపిస్తుంది. 2022, 2024 విజయాలు ఒకటి రెండు గోల్స్ లోటును పూడ్చినవి. ఆండర్లెక్ట్, గ్లాడ్‌బాక్ విజయాలు యూఈఎఫ్‌ఏ కప్‌లోనివి. యూరప్ అగ్రశ్రేణి టోర్నీలో రియల్ మాడ్రిడ్ తొలి అంచెలో మూడు గోల్స్ తేడాతో ఓడి కూడా ముందుకు వెళ్లినది ఒకే ఒక్కసారి. 1975లో ఇంగ్లాండ్ జట్టు డెర్బీ కౌంటీ చేతిలో 1-4తో ఓడిన ఆ జట్టు, బెర్నబ్యూలో అదనపు సమయంలో 5-1తో నెగ్గింది. నిర్ణాయక గోల్ సాంటియానా సాధించాడు. నాడు డెర్బీ తరఫున తొలి అంచెలో హ్యాట్రిక్ చేసిన చార్లీ జార్జ్ అంతకు ముందు ఆర్సెనల్ ఆటగాడే కావడం విశేషం. మరోవైపు 2013 సెమీ ఫైనల్‌లో డార్ట్‌మండ్ చేతిలో ఇదే 1-4 ఓటమి తర్వాత రియల్ బెర్నబ్యూలో 2-0 వరకే రాగలిగింది.

1992లో ఛాంపియన్స్ లీగ్‌గా రూపాంతరం చెందిన తర్వాత ఈ టోర్నీలో మూడు లేదా అంతకన్నా ఎక్కువ గోల్స్ లోటును పూడ్చుకున్న జట్లు నాలుగే: 2004లో డెపోర్టివో, 2017లో బార్సిలోనా, 2018లో రోమా, 2019లో లివర్‌పూల్. వీటిలో బార్సిలోనా మినహా మిగిలిన మూడూ రెండో అంచెలో ప్రత్యర్థికి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. రియల్ మాడ్రిడ్ ఈ సీజన్‌లో సొంతగడ్డపై చేయలేకపోయినది సరిగ్గా అదే. నిన్న మంగళవారం డార్ట్‌మండ్ అనుభవం కూడా గమనార్హం. తొలి అంచెలో 0-4తో ఓడిన ఆ జట్టు సొంతగడ్డపై బార్సిలోనాకు మూడు గోల్స్ కొట్టింది గాని, మధ్యలో ఒకటి ఇచ్చి 3-5 మొత్తంతో నిష్క్రమించింది.

2004లో డెపోర్టివో ఓడించిన జట్టు ఏసీ మిలాన్. తొలి అంచెలో 4-1తో గెలిచి, రెండో అంచెలో 0-4తో ఓడిన ఆ జట్టుకు కోచ్ అన్సెలోటియే. మరుసటి ఏడాది ఇస్తాంబుల్ ఫైనల్‌లో లివర్‌పూల్‌పై విరామానికి మూడు గోల్స్ ఆధిక్యంలో ఉండి కప్ చేజార్చుకున్నదీ ఆయన జట్టే. కోచ్‌గా ఐదు సార్లు ఈ టోర్నీ గెలిచిన మరొకరు లేరు. మూడు గోల్స్ ఆధిక్యం ఎలా కరిగిపోతుందో ఆయనకన్నా బాగా తెలిసినవారు కూడా అరుదే.

ఆర్సెనల్ ముందున్న దారి

ఆర్సెనల్‌కు ఇది కేవలం ఆధిక్యాన్ని కాపాడుకునే రాత్రి కాదు. రియల్ మాడ్రిడ్ 15 సార్లు గెలిచిన ఈ కప్‌ను ఆ క్లబ్ ఒక్కసారి కూడా అందుకోలేదు. 2006లో పారిస్ ఫైనల్‌లో బార్సిలోనా చేతిలో ఓడింది. చివరిసారి సెమీ ఫైనల్ ఆడినది 2009లో. ఇంగ్లాండ్ లీగ్‌లో లివర్‌పూల్ 13 పాయింట్ల ముందున్నందున, ఈ సీజన్‌లో ఆ జట్టుకు మిగిలిన నిజమైన ఆశ ఛాంపియన్స్ లీగ్ ఒక్కటే.

గణాంకాలు మాత్రం ఆ జట్టుకు అనుకూలంగా ఉన్నాయి. ఈ సీజన్‌లో ఏ ప్రత్యర్థీ ఆర్సెనల్‌ను మూడు గోల్స్ తేడాతో ఓడించలేదు. అధికారిక పోటీలలో రియల్ మాడ్రిడ్ ఇంతవరకు ఆర్సెనల్‌పై గోల్ చేయనే లేదు. 2006లో బెర్నబ్యూలో థియరీ హెన్రీ గోల్‌తో ఆర్సెనల్ 1-0తో గెలిచింది. ఆ మైదానంలో నెగ్గిన తొలి ఇంగ్లాండ్ జట్టు అదే. రెండో అంచె 0-0తో ముగిసింది. గత వారం విజయాన్ని కలిపితే మూడు మ్యాచ్‌లు అవుతాయి.

సెంట్రల్ డిఫెండర్ గాబ్రియెల్ గాయంతో సీజన్‌కు దూరం కావడంతో విలియం సలీబాకు తోడుగా జాకుబ్ కివియోర్ ఆడుతున్నాడు. వినిసియస్, ఎంబాపెల వేగానికి అతడు ఎలా నిలుస్తాడన్నది ఆర్సెనల్ వైపు పెద్ద ప్రశ్న. కై హావెర్ట్జ్, గాబ్రియెల్ జీసస్ కూడా గాయపడటంతో అసలు మిడ్‌ఫీల్డరైన మెరినోయే స్ట్రైకర్ బాధ్యత మోస్తున్నాడు. తొడ కండరానికి శస్త్రచికిత్స అనంతరం ఈ నెలలోనే తిరిగి వచ్చిన బుకాయో సాకా, ఎదురుదాడులలో రియల్ ఎడమ వైపును ఇబ్బంది పెట్టగలడు. కోచ్ మికెల్ ఆర్టెటా జట్టును వెనక్కి లాగి రక్షణకే పరిమితం చేస్తే 78 వేలకు పైగా ప్రేక్షకుల హోరు మధ్య తొంభై నిమిషాలు నిజంగానే సుదీర్ఘమవుతాయి.

కెప్టెన్ మార్టిన్ ఒడెగార్డ్‌కు ఈ మైదానం కొత్త కాదు. 2015 జనవరిలో పదహారేళ్ల వయసులో రియల్ మాడ్రిడ్‌లో చేరిన నార్వే కుర్రవాడు, అదే ఏడాది మేలో ఇక్కడే క్రిస్టియానో రొనాల్డోకు బదులుగా బరిలోకి దిగి, ఆ క్లబ్ తరఫున ఆడిన అత్యంత పిన్న వయస్కుడయ్యాడు. తర్వాత ఏళ్ల తరబడి ఇతర క్లబ్‌లకు అరువుపై వెళ్లి, 2021లో ఆర్సెనల్‌కు శాశ్వతంగా మారాడు. నేటి రాత్రి ఆర్సెనల్ కెప్టెన్ పట్టీతో మైదానంలోకి అడుగుపెట్టనున్నాడు.

ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రాంస్వా లెతెక్సియే రిఫరీగా వ్యవహరిస్తారు. విజేత సెమీ ఫైనల్‌లో ఆస్టన్ విల్లాను 5-4 మొత్తం గోల్స్‌తో దాటి వచ్చిన పారిస్ సెయింట్ జర్మైన్‌ను ఎదుర్కొంటుంది. ఇదే సమయానికి మిలాన్‌లో జరిగే మరో క్వార్టర్ ఫైనల్ రెండో అంచెలో, తొలి పోరును 2-1తో గెలిచిన ఇంటర్ మిలాన్ బయర్న్ మ్యూనిక్‌తో ఆడుతుంది. ఫైనల్ మే 31న మ్యూనిక్‌లో జరుగుతుంది.