హసన్‌పర్తి మెట్టచేలలో మిశ్రమ పంటలు: ఆధార విచారము

ఓరుగంటి సీమ వ్యవసాయ చరిత్రము వ్రాయువారు సాధారణముగ చెరువుతో ప్రారంభింతురు. పాకాల, రామప్ప, లక్నవరములను వర్ణించి, వరిమళ్లను తలచి, కాకతీయుల కీర్తితో ముగింతురు. చెరువునీరు అందని నేల వారి గ్రంథములలోనికి రాదు. హనుమకొండనుండి కరీంనగరము పోవు దారియందలి హసన్‌పర్తి పరిసరములలో చెరువు క్రింది మడులతోబాటు వానకే ఎదురుచూచు చెలకలును గలవు. అట్టి చెలకలో జొన్నను, కందిని ఒకే చేన కలిపి పండించు పద్ధతికి చరిత్రను ఎచ్చట వెదుకవలయును?

శాసనములు ఇందుకు అంతగా తోడ్పడవు. దానశాసనము భూమి కొలతను, ఎల్లలను చెప్పును. విత్తనము ఎట్లు వేసిరో చెప్పవలసిన పని దానికి లేదు. ఓరుగల్లు కోటలోని ఖాన్ సాహెబు తోట శాసనము అంగడి సుంకములను తెలుపుచు గోధుమలు, వడ్లు, జొన్నలు, పెసలు, నువ్వులు పేర్కొన్నది. ఇందు మెట్టపంటలు గలవు. అంతమాత్రమున అవి ఒకే చేన పండెననుట సాహసమే. అంగడికి వచ్చునప్పటికి ఏ గింజ సంచి ఆ గింజదే గదా!

పొరుగు సాక్ష్యములు కొన్ని గలవు. 1800లో మైసూరు సీమలో సంచరించిన బుకానన్ రాగిచేలలో అనుమును, కందిని సాళ్లుగా వేయుట చూచి వ్రాసెను. వోల్కర్ 1893 నాటి తన నివేదికలో హిందూదేశపు రైతు మిశ్రమ పంటల నేర్పును మెచ్చుకొనెను. ఇవి హసన్‌పర్తికి నేరుగా వర్తింపవు.

నా అభిప్రాయమున మొదట పంట నడకను గమనింపవలెను. జొన్న మూడు నాలుగు నెలలలో కోతకు వచ్చును. కంది తొలుత మెల్లగా ఎదిగి, జొన్న కోసిన పిదప ఆ వెలుతురులో కొమ్మలు చాచును. దాని వేరు లోతునకు దిగి, వానలు వెనుదీసిన తరువాతను తేమను అందుకొనును. కావున ఒక పంటకు తగిలిన బెట్ట రెండవ పంటను అదే సమయమున అంతగా దెబ్బతీయదు. 1972లో పటాన్‌చెరువున స్థాపితమైన ఇక్రిశాట్ 1979లో ఈ విషయముపై అంతర్జాతీయ సదస్సు నడపెను. అచ్చటి ప్రయోగములలో రెండు సాళ్ల జొన్నకు ఒక సాలు కంది వేసినచో, జొన్న పెద్దగా తగ్గకయే, విడిగా వేసిన కందిలో సగమునకు మించిన దిగుబడి దక్కినది. ఇట్టి సాళ్ల లెక్క పల్లెలో కాగితమున ఉండదు. గొర్రు పట్టినవాని నోట నుండును.

అందుచేత మన శాఖలవారికి ఇచ్చట పని గలదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశపు మొదటి సంపుటము (1962) వ్యవసాయ పదములకే కేటాయింపబడినది. ఆ మార్గమున ఒక్క హసన్‌పర్తి చుట్టు పల్లెలనైనను తిరిగి సేకరించిన చరిత్రకు లాభము. ఆలస్యము తగదు. పత్తి విస్తరించిన కొలది జొన్న వెనుకబడినది. గొర్రుకు పని తగ్గినచో దాని మాటలును తగ్గును. 1997–98లో వరంగల్లు జిల్లాలో పొగాకు లద్దెపురుగు పత్తిచేలను పాడుచేయగా, అప్పులపాలైన రైతులు ఎందరో ప్రాణములు తీసికొనిరి. అందుకు ఏకపంట యొక్కటే కారణమని నేననను. అప్పును, మందుల వ్యాపారమును గలవు. కాని చేన రెండవ పంట లేనివానికి ఆ యేడు మిగిలినదేమి?

పత్తి సాళ్ల నడుమ కంది సాలు నేటికిని అచ్చటచ్చట కనబడును. పరిశోధక విద్యార్థి అచ్చట నిలిచి, ఆ సాలును ఏమందురో, ఎన్ని సాళ్లకు ఒకటి వేసిరో, ఆ లెక్క ఎవరు నేర్పిరో అడిగి వ్రాసికొనవలెను.