చక్కెర కోటు, దాని సోర్స్ కోడు

డీఎన్‌ఏ అనగానే మనవాళ్ళకి వాట్సన్, క్రిక్, 1953 గుర్తొస్తాయి. నన్నడిగితే అసలు కథ న్యుమోనియా తెచ్చే న్యూమోకాకస్ ఒంటిమీది పూతతో మొదలైంది. ఆ పూత ఉంటే బాక్టీరియా తెల్లరక్తకణాలకి ఒక పట్టాన చిక్కదు. అది చక్కెరల గొలుసని 1923లో న్యూయార్కులో ఏవరీ, హైడెల్‌బర్గర్ తేల్చారు.

1928లో లండన్‌లో గ్రిఫిత్ ఏం చేశాడంటే, వేడిచేసి చంపిన టైప్ 3 పూతవాటిని, టైప్ 2 సంతతికి చెందిన పూతలేని, బతికున్నవాటితో కలిపి ఎలుకలకి ఎక్కించాడు. ఎలుకలు చచ్చాయి! రక్తంలో చూస్తే టైప్ 3 పూతతో బతికున్న బాక్టీరియా. పైగా వాటి పిల్లలకీ అదే పూత. అంటే చచ్చినవాటి కోటు కాదు, కోటు కుట్టే సోర్స్ కోడే చేతులు మారిందన్నమాట.

ఆ కోడు ఎందులో ఉంది? ఏవరీ, మెక్లాయిడ్, మెకార్టీ చక్కెరని, ప్రోటీన్లని, ఆర్‌ఎన్‌ఏని ఎంజైములతో ఒక్కోటే తీసేసి చూశారు (మనం బగ్ పట్టుకున్నట్టే). పని ఆగలేదు. డీఎన్‌ఏని ముక్కలు చేస్తే మాత్రం ఆగిపోయింది. 1944లో ప్రకటించారు. ప్రోటీను మలినం మిగిలి ఉంటుందిలే అని కొందరు పెద్దలు కొట్టిపారేశారు.

గ్రిఫిత్ అప్పటికే లేడు, 1941లో లండన్ బాంబుదాడిలో పోయాడు. ఏవరీ 1955 దాకా ఉన్నాడు. అయినా నోబెల్ ఇవ్వలేదు, ఇది మాత్రం నాకు మింగుడుపడదు. వాట్సన్, క్రిక్, విల్కిన్స్‌లకి 1962లో ఇచ్చారు.