చలన గ్రాఫ్: త్వరణం, ఫలిత బలం

వస్తువు స్థానం గాని, వేగం గాని కాలంతో పాటు ఎలా మారిందో చూపే రేఖాచిత్రం చలన గ్రాఫ్. స్థానం–కాలం గ్రాఫ్ వాలు వేగాన్ని తెలుపుతుంది. వేగం–కాలం గ్రాఫ్ వాలు త్వరణాన్ని, రేఖ కింది వైశాల్యం స్థానభ్రంశాన్ని తెలుపుతాయి. ఆ త్వరణాన్ని ద్రవ్యరాశితో గుణిస్తే వస్తువు మీద పనిచేసిన ఫలిత బలం తెలుస్తుంది. పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా ముందు వాలు, తర్వాత వైశాల్యం వస్తాయి. చరిత్ర మాత్రం తలకిందులుగా నడిచింది. వైశాల్యం ఎప్పుడో పుట్టింది. వాలు నుంచి బలానికి చేరడానికి చాలా శతాబ్దాలు పట్టింది.

వైశాల్యంతో దూరం కనుక్కోవడానికి ఇప్పటికి తెలిసిన అతి పాత ఆధారం బాబిలోనియాది. క్రీ.పూ. 350–50 మధ్య కాలపు మట్టి పలకలను చదివిన మాథ్యూ ఒసెన్‌డ్రైవర్ 2016లో ఆ సంగతి వెల్లడించారు. గురుగ్రహం రోజువారీ గతి 60 రోజుల్లో 12 కళల (కళ అంటే డిగ్రీలో 60వ వంతు) నుంచి తొమ్మిదిన్నర కళలకు తగ్గుతుందని అక్కడి గణకులు తీసుకున్నారు. ఆ రెండు గతులనూ భుజాలుగా పెట్టుకుని, సమలంబ చతుర్భుజ వైశాల్యంగా 10 డిగ్రీల 45 కళల దూరం రాబట్టారు. పలకల మీద బొమ్మ లేదు, లెక్కే ఉంది. అయినా కాలాన్నీ గతినీ రెండు దిశలుగా ఊహించకపోతే ఆ లెక్క పుట్టదు.

ఐరోపాలో ఈ ఆలోచన 14వ శతాబ్దంలో వేరుగా మొలిచింది. ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కళాశాలకు చెందిన విలియం హేట్స్‌బరీ 1335లో సగటు వేగ సూత్రాన్ని చెప్పాడు: సమత్వరణంతో కదిలే వస్తువు, తన తొలి, తుది వేగాల సగటుతో నిలకడగా సాగినప్పుడు ఎంత దూరం పోతుందో అంతే దూరం పోతుంది. కొద్ది కాలానికే పారిస్‌లో నికోల్ ఒరెమ్ దీన్ని బొమ్మలో చూపించాడు. కాలం అడ్డగీత, వేగం నిలువుగీత. నిలకడగా సాగే సగటు వేగానికి దీర్ఘచతురస్రం, నిశ్చల స్థితి నుంచి సమంగా పెరిగే వేగానికి లంబకోణ త్రిభుజం. రెండింటి వైశాల్యం ఒకటే అని కంటికే తెలిసిపోతుంది. బీజగణిత సమీకరణాల సాయం లేకుండా ఇంత స్పష్టత సాధించిన ఒరెమ్‌కు దక్కాల్సినంత పేరు దక్కలేదు. అయితే ఆయన దేన్నీ కొలవలేదు. ఆ త్రిభుజం పడే రాయిదని కూడా అనలేదు.

ఆ మాట గట్టిగా చెప్పి, ప్రయోగంతో నిలబెట్టినవాడు గెలీలియో. అడ్డగీత మీద ఏది ఉండాలన్నదే ఆయనను ఏళ్ల తరబడి వేధించింది. 1604లో మిత్రుడు సార్పీకి రాసిన లేఖలో, పడే వస్తువు వేగం దూరంతో పాటు పెరుగుతుందని భావించాడు. 1638లో లైడెన్‌లో అచ్చయిన ‘రెండు నూతన శాస్త్రాలు’లో మాత్రం కాలంతో పాటు పెరుగుతుందని తేల్చాడు. అందుకు వాలుపలక మీద బంతులు దొర్లించి, సన్నని ధారగా కారిన నీటిని తూచి కాలాన్ని కొలిచాడు.

వక్రరేఖకు ప్రతి బిందువు దగ్గరా వాలు కనుక్కునే సాధనం న్యూటన్, లైబ్నిట్జ్‌ల కలనగణితంతో వచ్చింది. బలాన్ని చలనంలోని మార్పుతో ముడిపెట్టిన రెండో నియమం 1687 నాటి ‘ప్రిన్సిపియా’లో ఉంది. కానీ న్యూటన్ దాన్ని మాటల్లో, జ్యామితిలో చెప్పాడు. బలాన్ని మూడు అక్షాల వెంట విడదీసి, ద్రవ్యరాశి–త్వరణం సమీకరణాలుగా, ఏ వస్తువుకైనా వర్తించే సూత్రంగా రాసినది లియొనార్డ్ ఆయిలర్, 1750లో.

గీతను కదిలే వస్తువు చేతే గీయించింది 19వ శతాబ్దం. ఫ్రాన్స్‌లో పాన్సెలే ఊహ ఆధారంగా ఆర్థర్ మోరిన్ చేయించిన యంత్రంలో, సమంగా తిరిగే స్తంభం మీది కాగితానికి ఆనుకుని, పెన్సిల్ బిగించిన బరువు పడుతుంది. కాగితం విప్పి చూస్తే పరావలయం! ఎత్యేన్ జూల్ మారే 1878లో ఈ పద్ధతికి ఏకంగా ఒక గ్రంథమే రాశాడు.

లెక్క నడిచే తీరు చూడటానికి లిఫ్ట్ చక్కని ఉదాహరణ. అందులో 60 కిలోల మనిషి ఉన్నాడనుకుందాం. పైకి బయలుదేరిన లిఫ్ట్ 2 సెకన్లలో సున్నా నుంచి సెకనుకు 3 మీటర్ల వేగం అందుకుంటే గ్రాఫ్ వాలు 1.5, కాబట్టి ఫలిత బలం పైవైపు 90 న్యూటన్లు. గీత అడ్డంగా సాగినంతసేపూ ఫలిత బలం సున్నా. లిఫ్ట్ పైకి పోతూనే ఉన్నా సున్నాయే. ఆగేటప్పుడు 3 సెకన్లలో వేగం సున్నాకు దిగితే వాలు మైనస్ 1, బలం కిందివైపు 60 న్యూటన్లు. అయితే గ్రాఫ్ చెప్పేది మొత్తం మీద మిగిలిన బలాన్నే. మొదటి దశలో నేల ఆ మనిషిని 678 న్యూటన్లతో నెడుతోందని తెలియాలంటే, అతని భారం 588 న్యూటన్లను విడిగా కలుపుకోవాలి.

విద్యార్థులు తడబడే చోట్లు కూడా ఇవే. లిలియన్ మెక్‌డెర్మాట్ బృందం 1987లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, చాలామంది వాలు అడిగితే గీత ఎత్తు చెబుతారు. గ్రాఫ్‌ను వస్తువు నడిచిన దారి బొమ్మగా చూస్తారు. 1990లో రొనాల్డ్ థార్న్‌టన్, డేవిడ్ సొకొలాఫ్ అతిధ్వని సెన్సార్‌ను కంప్యూటర్‌కు కలిపి, విద్యార్థి తాను నడుస్తుండగానే తన గ్రాఫ్ తెర మీద చూసుకునే పద్ధతి వల్ల ఈ పొరపాట్లు బాగా తగ్గాయని చూపారు.

కొలిచిన స్థానాల నుంచి త్వరణం రాబట్టడానికి వాలును రెండుసార్లు తీయాలి. తీసిన ప్రతిసారీ కొలతలోని చిన్న చిన్న దోషాలు పెద్దవవుతాయి. అందుకే ప్రయోగశాలలో పక్కపక్క బిందువులను కలపరు. చాలా బిందువులకు సరిపోయే నున్నని గీత గీసి, దాని స్పర్శరేఖ వాలు తీసుకుంటారు.