కంఠీరవ స్టేడియం: దారి, ఆసనం

బెంగళూరులో కబ్బన్ పార్కు చేరువన గల శ్రీ కంఠీరవ స్టేడియం 1997 నాటి జాతీయ క్రీడలకు వేదికైనది. బెంగళూరు ఎఫ్.సి. 2014లో తన ఫుట్‌బాల్ మ్యాచ్‌లను ఇక్కడికి మార్చుకున్నది. కోలారు, బళ్ళారి వైపుల నుండి రైలులో వచ్చేవారు మెజెస్టిక్‌లో ఊదారంగు మార్గపు మెట్రో ఎక్కి, మూడవ స్టేషనైన కబ్బన్ పార్కులో దిగి నడవవచ్చును.

ముందు వరుస కోసం ఆరాటపడనక్కరలేదు. మైదానం చుట్టూ పరుగుపందేల ట్రాక్ ఉన్నందున అక్కడ కూర్చున్నా ఆట దూరమే; పైగా ఆటగాళ్ళు ఒకరికొకరు అడ్డుపడి, బంతి ఎటు పోయినదో తెలియదు. ఎత్తైన వరుసల నుండి జట్టు కూర్పు అంతా కనబడుతుంది. ఎండ ఉండగానే మొదలయ్యే ఆటకు తూర్పు వైపు కూర్చుంటే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. వెస్ట్ బ్లాక్ బ్లూస్ అభిమానులు నిలబడి పాడుతూనే ఉంటారు. వృద్ధులతో వచ్చినవారికి ఆ భాగం తగదు, కుర్రకారుకు మాత్రం అదే అసలు చోటు.