జనము కూడరాని కాలము

హైదరాబాదు నగరమునకు పడమట, లింగంపల్లి దాటిన తరువాత తెల్లాపూరు అను ఊరు కలదు. బహమనీ సుల్తాను ఫిరోజ్ షా కాలమునాటి శిలాశాసనమొకటి ఇక్కడ ఉన్నది. 15వ శతాబ్ది ఆరంభమున చెక్కబడిన ఆ శాసనములో ఈ ఊరి పేరు తెలంగాణపురము. ఈనాడు ఆ శాసనపు రాతికి చుట్టును అంతస్తులపై అంతస్తులుగా భవనములు లేచినవి. ఒక ప్రక్క రామచంద్రాపురములోని భారీ విద్యుత్ పరికరముల కర్మాగారము, దానికి ఆవల పటాన్‌చెరువు పారిశ్రామికవాడ; మరొక ప్రక్క కంప్యూటరు కంపెనీల కార్యాలయములు. ఈ ప్రాంతపు చరిత్ర యన్న కర్మాగారముల చరిత్రయే యని చాలమంది తలంతురు. కాని తెల్లాపూరునకు కొద్ది మైళ్ళ దూరమున, శేరిలింగంపల్లిలో, సురభి కాలనీ అను చిన్న పేట కలదు. అందలి కుటుంబముల వృత్తి నాటకము. వీరికి కావలసిన ముడిసరుకు ఇనుము కాదు, రసాయనము కాదు. ఎదుట కూర్చుండు జనము. జనము కూడరాదని ప్రభుత్వము శాసించిన కాలమున ఇట్టివారి బ్రతుకు ఏమైనది, వెనుకటి అంటురోగములలో ఏమైనది అని విచారించుటే ఈ వ్యాసము ఉద్దేశము.

వినోదము కూడ ఒక సరుకే. కాని దానికొక విచిత్ర గుణము కలదు. అది నిలువ ఉండదు. పటాన్‌చెరువులోని యంత్రాగారము ఒక నెల మూతపడినచో, తరువాత రెండు షిఫ్టులకు మారుగా మూడు షిఫ్టులు నడిపి కొంత లోటు పూడ్చుకొనవచ్చును. గోదాములోని వస్తువు గోదాములోనే యుండును. శనివారము రాత్రి నాటకశాలలో ఖాళీగా మిగిలిన కుర్చీని ఆదివారము అమ్మజాలము. వేసవి సెలవులలో రాని పిల్లవాడు వానకాలమున రెండుమారులు వచ్చి నీటిజారుడుబండ ఎక్కడు. పోయిన ఆట పోయినట్లే. కనుకనే రోగము వచ్చినపుడు మొదట మూతపడునవి, కట్టకడపట తెరువబడునవి ఈ వృత్తులే.

అయితే అంటురోగములన్నియు వినోదమునకు ఒకే తీరున శత్రువులు కావు. రోగము ఏ దారిని ప్రాకునో, ఆ దారినిబట్టి నష్టము మారును. కలరా నీటిద్వారా వ్యాపించును. 1854లో లండనులో జాన్ స్నో ఈ సంగతిని చూపినాడు. రోగక్రిమిని జర్మను శాస్త్రజ్ఞుడు కాక్ 1883–84లో ఈజిప్టులోను, కలకత్తాలోను పరిశీలించినాడు. దారి తెలిసిన పిమ్మట జాతరను ఆపవలసిన పనిలేదు. బావులలో మందుకలిపి, టీకాలు వేసి, మరుగుదొడ్లు కట్టి జాతర జరుపవచ్చును. గడ్డల ప్లేగు ఎలుకలమీది గోమారులవలన వచ్చును; సభలో ప్రక్కన కూర్చున్నంతమాత్రాన అది అంటదు. ఇన్‌ఫ్లుయెంజా, కోవిడ్ వంటివి అట్లుగాదు. అవి ఊపిరిదారిని వచ్చును. నవ్వించువాడును, నవ్వువాడును, పాడువాడును, వినువాడును ఒకే గాలిని పీల్చుదురు. నీటిని మరగించి త్రాగవచ్చును గాని గాలిని మరగించి పీల్చలేము గదా! టీకా వచ్చువరకు ఇట్టి రోగమునకు దూరముగా ఉండుటకంటె వేరు ఉపాయము కానరాదు.

హైదరాబాదు ఉత్సవములకును, అంటురోగములకును ఉన్న చుట్టరికము పాతది. చార్మినారు ప్లేగు తొలగిన గుర్తుగా కట్టబడినదని ఒక కథ ప్రచారములో ఉన్నది. అది 1591లో, హిజరీ వేయవ సంవత్సరము ప్రవేశించు తరుణమున వెలసినది గనుక, ఆ సహస్రాబ్దికి చిహ్నమని చెప్పుట ఎక్కువ సమంజసముగా తోచును. బోనాల సంగతి వేరు. 1813లో సికింద్రాబాదునుండి ఉజ్జయినికి పంపబడిన సైనికదళములో సురిటి అప్పయ్య అనునతడు ఉండెననియు, నగరమున గత్తర తగిలి జనము చచ్చుచుండగా అతడు అక్కడి మహాకాళికి మ్రొక్కుకొనెననియు, తిరిగివచ్చి అమ్మవారిని ప్రతిష్ఠించెననియు ఐతిహ్యము. ఆ రోగము ప్లేగని కొందరు, కలరా అని కొందరు చెప్పుదురు. తెలంగాణములో గత్తర యన్న కలరాయే. ప్రపంచమును చుట్టిన తొలి కలరా మహమ్మారి 1817లో బంగాళమున మొదలైనదని చరిత్ర చెప్పుచున్నది. అంతకుముందును ఆ రోగము ఇచ్చట లేకపోలేదు. ఏది యైనను, రోగభయమునుండి పుట్టినట్లు జనము నమ్ము పండుగ ఇది. డప్పు వాయించువారికి, పోతరాజు వేషము కట్టువారికి, కుండలు చేయువారికి ఆషాఢమాసమున నాలుగు డబ్బులు తెచ్చిపెట్టు పండుగ కూడ ఇదియే.

1896లో బొంబాయిలో ప్లేగు చొరబడినది. మరుసటి సంవత్సరము బ్రిటిషు ప్రభుత్వము అంటువ్యాధుల చట్టము చేసినది. నాలుగే సెక్షనులు గల చిన్న చట్టమది. రైళ్ళలో ప్రయాణికులను ఆపి పరీక్షించుటకును, రోగులను వేరుచేసి ఉంచుటకును, అవసరమని తోచిన నిబంధన లన్నియు చేయుటకును అది అధికార మిచ్చినది. ఆనాడు నైజాము రాజ్యమునకు అది నేరుగా వర్తింపలేదు గాని, నైజాము రాజ్యమునను ప్లేగు రాక తప్పలేదు. రోగులను వేరుంచుటను ఇంగ్లీషులో క్వారంటీను అందురు. ఆ మాట మన జనుల నోట నలిగి కోరంటి అయినది. నల్లకుంటలోని జ్వరముల ఆసుపత్రి మలేరియా పరిశోధకుడైన రొనాల్డ్ రాస్ పేర వెలసియున్నను, వృద్ధులకు అది కోరంటి దవాఖానాయే. 1897నాటి ఆ చట్టము క్రిందనే 2020 మార్చిలో తెలంగాణ ప్రభుత్వము కోవిడ్ నిబంధనలు చేసినది. నూరేండ్లు దాటిన తరువాతను ఆ చట్టమునందు మూసివేయు అధికారము కలదు. మూతపడిన దుకాణములోనివాడు ఏమి తిని బ్రతుకవలెనను ప్రశ్నకు మాత్రము అందు చోటులేదు.

1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినది. జూన్ మాసమున ఓడలతో బొంబాయి చేరి, సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మారణరూపము దాల్చి, రైలుపట్టాల వెంట దేశమంతట ప్రాకినది. వాడినుండి సికింద్రాబాదునకు 1874లోనే రైలుమార్గము పడియున్నది. అది లింగంపల్లిమీదుగానే పోవును. కనుక తెల్లాపూరు వంటి పల్లెలకు బొంబాయి అంత దూరమున లేదు. రోగకారణమేదో ఆనాటి వైద్యులకు తెలియదు. ఫైఫర్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనిన బాక్టీరియాయే కారణమని అనుకొనుచుండిరి. మానవుల ఇన్‌ఫ్లుయెంజాకు వైరస్ కారణమని 1933లో గాని తేలలేదు. హైదరాబాదు రాజ్యపు జనసంఖ్య 1911లో 1 కోటి 33 లక్షల 74 వేలు. 1921లో అది 1 కోటి 24 లక్షల 71 వేలు. పెరుగవలసినది పోయి పదేండ్లలో తొమ్మిది లక్షలు తగ్గినది. ఇన్‌ఫ్లుయెంజాయు, దానికి తోడైన కరవును, ప్లేగును ఇందుకు కారణములు.

ఆనాటి వినోదజీవులు ఎవరు? ఒగ్గుకథ చెప్పువారు, చిందు భాగవతులు, తోలుబొమ్మలవారు, బుడబుక్కలవారు. వీరు టిక్కెట్లు అమ్మి బ్రతికినవారు కారు. చిందువారికి ఫలానా ఊళ్ళు మీరాశీ అని ఏర్పాటుండెను; ఆ ఊరి కళ్ళములలో వారికి ధాన్యము రావలెను. ఆట లేకపోయినను పంట యున్నంతవరకు గింజలు దొరకు నవకాశము కలదు. ఈ ఏర్పాటు మంచిదని నా అభిప్రాయము కాదు. మనిషిని కులముతో ముడివేసిన కట్టుబాటది. పంటయే పోయిన 1918 వంటి ఏట అదియు నిలువదు. అయినను ఒక సంగతి గమనింపదగును. వారి కూలి ఆనాటి ఆటమీద గాక, ఏటి పంటమీద ఆధారపడి యుండెను. టిక్కెట్టు వచ్చిన పిదప ఈ ఆధారము తెగిపోయినది.

సురభివారి చరిత్ర ఈ మార్పునకు చక్కని ఉదాహరణము. వీరి పూర్వులు తోలుబొమ్మలాట ఆడువారు. 1885లో కడప మండలములోని సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు కీచకవధ నాటకముతో సమాజమును ఆరంభించిరి. స్త్రీపాత్రలు స్త్రీలే ధరించుట, కుటుంబమంతయు ఒకే సమాజముగా నడచుట వీరి ప్రత్యేకత. తాత తెర దించును, మనుమరాలు కృష్ణవేషము కట్టును, కోడలు హార్మోనియము వాయించును. మాయాబజారులో వస్తువులు గాలిలో తేలుట, పాత్రలు ఆకాశమున ఎగురుట చూచి చూపరులు విస్తుపోదురు. ఆ తీగలను లాగువారును ఇంటివారే. తొలి తెలుగు టాకీ యగు భక్తప్రహ్లాదలో (1932) నటించిన కమలాబాయి సురభివారి ఆడపడుచే. సినిమా వీరినుండి నటులను తీసుకొనిపోయెను, ప్రేక్షకులనును తీసుకొనిపోయెను. ఒకప్పుడు పదులకొలది యుండిన సమాజములు నేడు కొలదిమాత్రమే మిగిలినవి. రేకెందర్ నాగేశ్వరరావు, అనగా సురభి బాబ్జీగారికి 2013లో పద్మశ్రీ వచ్చినది. ఇంటిల్లిపాదియు ఒకే వృత్తిలో నుండుట కళకు బలము. రోగకాలమున అదియే బలహీనత. ఇతర కుటుంబములలో ఒకరి జీతము ఆగినను మరొకరిది మిగులవచ్చును. ఇక్కడ తెర దించిననాడే తాతకును, కొడుకునకును, మనుమరాలికిని ఒక్కమారుగా ఆదాయము ఆగును.

తెలంగాణములో మొదటి కోవిడ్ రోగి 2020 మార్చి 2న బయటపడెను. అంతకు కొద్ది వారముల ముందే, ఫిబ్రవరి 5 నుండి 8 వరకు, మేడారము జాతర లక్షలాది జనముతో జరిగి ముగిసినది. అది మార్చిలో వచ్చియుండిన ఏమయ్యెడిదో ఊహింపవచ్చును. మార్చి 14న సినిమాహాళ్ళు, పార్కులు మూయుటకు నిర్ణయము జరిగెను. 25 నుండి దేశమంతయు కట్టడి. షూటింగులు ఆగెను, దినకూలీపై బ్రతుకు సినిమా కార్మికులకు బియ్యము, సరుకులు పంచుటకు నటుడు చిరంజీవి ప్రభృతులు ఒక సహాయనిధి ఏర్పరచిరి. ఆషాఢమున బోనాలు వచ్చినవి. పూజారులు గుడిలో పూజ నడిపిరి. జనులను ఇండ్లలోనే బోనము సమర్పింపుమనిరి. రోగము పోవుటకై పుట్టిన పండుగ రోగమువలననే ఇంట దాగెను! 2019లో 61 అడుగులున్న ఖైరతాబాదు గణపతి 2020లో 9 అడుగులకు తగ్గి ధన్వంతరి రూపమున కూర్చుండెను. 1938లో మొదలైన నుమాయిష్ 2021లో జరుగలేదు. 2022 జనవరి 1న తెరచి, ఒమిక్రాన్ భయమున వెంటనే మూసివేసి, ఫిబ్రవరి 25న మరల తెరచిరి. ఎక్కడెక్కడినుండియో సరుకు తెచ్చుకొన్న వర్తకులకు ఆ ఏడెనిమిది వారముల నిరీక్షణము ఎంత ఖర్చో లెక్కవేయుట కష్టము కాదు.

ఇక థీమ్ పార్కులు. రావిర్యాలలో వండర్‌లా 2016 ఏప్రిల్‌లో తెరువబడినది. కొచ్చి, బెంగుళూరు పార్కులతో కలిపి ఆ సంస్థ రాబడి 2019–20లో సుమారు 270 కోట్ల రూపాయలు. 2020–21లో అది 40 కోట్లకు లోబడినది. ఇట్టి పార్కు మూతపడినంతమాత్రాన ఖర్చు ఆగదు. ఊయెలయంత్రములను, రంకులరాట్నములను ఊరకనైనను త్రిప్పి చూచుచుండవలెను. లేనిచో బేరింగులు పట్టివేయును, త్రుప్పు ఎక్కును. కొలనుల నీటిని వడపోయవలెను. యంత్రము చూచువాడు అందువలన కొంతవరకు నిలుచును. టిక్కెట్టు చించువాడు, ఒడ్డున కాపలాయుండు ఈతగాడు, చిరుతిండ్లు అమ్మువాడు, గేటు ముందర ఆటో నిలుపువాడు నిలువరు. రామోజీ ఫిలింసిటీ సందర్శకులకు మరల తెరువబడినది 2021 ఫిబ్రవరిలో. దాదాపు ఒక సంవత్సరము తరువాత. ప్రపంచమంతట ఇదే కథ. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్ 2020 మార్చి నుండి 2021 ఏప్రిల్ చివరి వరకు మూతపడెను. ఆ సంస్థ తన పార్కుల విభాగమున 28,000 మందిని తొలగించుచున్నట్లు 2020 సెప్టెంబరులో ప్రకటించెను. మన దేశమునకు 2019లో 1 కోటి 9 లక్షల విదేశీయాత్రికులు రాగా, 2020లో వచ్చినవారు 27 లక్షలు.

తెరచిన క్రమమును చూచిన ఒక వింత కనబడును. తెలంగాణములో మద్యపు దుకాణములు 2020 మే 6ననే తెరచిరి. హోటళ్ళు, షాపింగుమాలులు జూన్ 8న. ఆరుబయటి వినోదోద్యానములకు కేంద్రము అనుమతి నిచ్చినది అక్టోబరు 15న. మూసిన గదిలో కంటె ఆరుబయట గాలిలో ఈ రోగము వ్యాపించుట చాల తక్కువ యని అప్పటికే శాస్త్రజ్ఞులు చెప్పుచుండిరి. మూసిన గదిలో ముసుగు తీసి భోజనము చేయవచ్చునట, ఆరుబయట జారుడుబండ ఎక్కరాదట! వినోదము అనావశ్యకమను భావమే ఇందుకు కారణమని నాకు తోచుచున్నది. చూచువానికి అది అనావశ్యకము కావచ్చును. దానిపై బ్రతుకువానికి అది అన్నము.

పర్యాటకులు రాక మానిన ఆ రోజులలో, ఈ ప్రాంతమున నిజముగా ప్రయాణము చేయగోరినవారు వేరొకరు. తెల్లాపూరు చుట్టును లేచుచున్న భవనములకు ఇటుకలు మోసినవారు జార్ఖండ్, బీహారు, ఒడిషా, ఉత్తరప్రదేశ్ కూలీలు. ప్రభుత్వము వలసకూలీ ఒక్కొక్కరికి 12 కిలోల ధాన్యము, 500 రూపాయలు ప్రకటించినది. ఏప్రిల్ 29న సంగారెడ్డి సమీపమున కందిలో, ఐ.ఐ.టి. భవనముల పనిలో నున్న కూలీలు జీతమునకై, ఇండ్లకు పంపుటకై ఆందోళన చేసిరి. మే 1వ తేదీ తెల్లవారకముందే వారిని బస్సులలో లింగంపల్లి స్టేషనుకు తెచ్చిరి. కట్టడి మొదలైన తరువాత దేశమున వలసకూలీలకై కదలిన మొదటి రైలు అదియే. 72 మంది పట్టు పెట్టెకు 54 మంది చొప్పున, 24 పెట్టెలలో సుమారు 1,200 మందిని ఎక్కించుకొని, తెల్లవారుజామున 4 గంటల 50 నిమిషములకు జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరినది. స్టేషనుకు కూతవేటు దూరముననే సురభి కాలనీ. ఆ వేసవి వారికి పోవుటకు ఊరును లేదు, ఆడుటకు ఆటయును లేదు. తెలంగాణములో నాటకశాలలు, సినిమాహాళ్ళు తెరచుటకు అనుమతి వచ్చినది నవంబరు 23న; అదియు సగము కుర్చీలకు.