వాన్‌లాక్‌హెడ్

స్కాట్లాండ్‌లో అన్నిటికన్నా ఎత్తున ఉన్న ఊరు వాన్‌లాక్‌హెడ్. ఎత్తు అనగానే ఉత్తరాన ఉన్న హైలాండ్స్ గుర్తుకొస్తాయి గానీ, ఈ పల్లె ఉన్నది దక్షిణాన, డంఫ్రీస్ అండ్ గాలొవే ప్రాంతంలోని లౌథర్ కొండల్లో, సముద్రమట్టానికి సుమారు 467 మీటర్ల ఎత్తున. చుట్టూ గడ్డి, హెదర్ పొదలు, గొర్రెల మందలు. సేద్యాన్ని నమ్ముకుని ఊరు వెలిసే చోటు కాదిది. జనాన్ని ఇక్కడికి రప్పించింది భూమిలోని ఖనిజమే.

మొదట బంగారం. 1540లో రాజు అయిదవ జేమ్స్ కోసం స్కాట్లాండ్ కిరీటాన్ని తిరిగి చేసినప్పుడు ఈ చుట్టుపక్కల దొరికిన బంగారాన్నీ వాడారు. వాగుల ఇసుకను పళ్లెంలో కడిగి బంగారు రజను ఏరే పోటీలు ఇప్పటికీ జరుగుతాయి. అయితే ఊరిని నిలబెట్టింది సీసం. 1680లో సీసం కరిగించే కొలిమి, పనివాళ్ల ఇళ్లు కట్టడంతో ఇక్కడ స్థిర నివాసం మొదలైంది. తవ్వే కొద్దీ గనుల్లోకి నీరు ఊరేది. దాన్ని తోడడానికి 19వ శతాబ్దంలో అమర్చిన దూలం యంత్రం ఇంకా అదే చోట నిలిచి ఉంది. దూలం ఒక కొసన పెద్ద తొట్టి వేలాడేది. వాగునీటితో నిండి బరువెక్కిన తొట్టి కిందికి దిగితే, రెండో కొసన ఉన్న పంపు కడ్డీ గనిలోని నీటిని పైకి లాగేది. తొట్టి ఖాళీ కాగానే కడ్డీ బరువుకు దూలం మళ్లీ మొదటికొచ్చేది. బొగ్గుతో పనిలేదు, ఆవిరితో పనిలేదు.

ఇంతకన్నా గొప్ప సంగతి ఊరి గ్రంథాలయం. 1756 నవంబరు 1న 32 మంది కలిసి చందాలతో దాన్ని స్థాపించారు. వారిలో చర్చి పాస్టరు, బడిపంతులు తప్ప దాదాపు అందరూ గని కార్మికులే. రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని లెడ్‌హిల్స్ గనివాళ్లు 1741లోనే ఇలాంటిది పెట్టుకున్నారు. ఏ జమీందారో దానంగా పెట్టినది కాదు వాన్‌లాక్‌హెడ్ గ్రంథాలయం. చీకట్లో రాయి కొట్టినవాళ్లు తమ కూలి డబ్బులు పోగేసి పెట్టుకున్నది. ఈ ఊరి చరిత్రలో మొదట చెప్పుకోవలసింది ఇదే.

ఆవిరి పడవల ఆద్యుల్లో ఒకరైన విలియం సిమింగ్టన్ లెడ్‌హిల్స్‌లో పుట్టి, వాన్‌లాక్‌హెడ్ గనుల్లో పనిచేశాడు. ఒక చలికాలం మంచు దారిలో ఇక్కడికొచ్చిన కవి రాబర్ట్ బర్న్స్, గుర్రం నాడాలు మంచు మీద జారకుండా చేయించుకోవాలనుకుంటే కమ్మరికి తీరిక లేకపోయింది. తనకోసం ఓ మాట చెప్పమని ఆ ఊళ్లోని ఒకరికి పద్యం రాసి పంపాడు. పని జరిగింది.

1902లో రైలు వచ్చింది. 1930లలో గనులు మూతపడ్డాక 1938తో అదీ ఆగిపోయింది. 1950లలో మళ్లీ తవ్వి చూశారు గానీ ఆ ప్రయత్నం ఎక్కువకాలం సాగలేదు. 1974లో సీసపు గనుల మ్యూజియం ఏర్పడింది. లాక్‌నెల్ గని సొరంగంలోకి సందర్శకులను తీసుకెళ్తారు. కార్మికుల ఇళ్లనూ, ఆ గ్రంథాలయాన్నీ చూపిస్తారు.